మామ్మకి మాత్రలంటే భయం, చెల్లికి రక్తం 8.4

అడిగిన విషయం ఇది: “మాది సోంపేట దగ్గర పల్లె. అమ్మానాన్నలు చెన్నైలో భవనాల పనికి వెళ్ళి ఆరేళ్ళయింది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. చెల్లికి 14 ఏళ్ళు, తొమ్మిదో తరగతి, ఊళ్ళో మామ్మ దగ్గర ఉంటుంది. బళ్ళో పరీక్ష చేస్తే రక్తం 8.4 అన్నారట. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడు చూసినా నిద్ర. బళ్ళో ఇచ్చే నీలం మాత్రలు పారేస్తోంది. మామ్మ కూడా వెయ్యనివ్వదు. వేడి చేస్తాయి, పిల్లలు పుట్టరు, కిడ్నీలు పోతాయి అంటుంది. మా తాత కిడ్నీ జబ్బుతోనే పోయాడు. నెలసరి వస్తే చెల్లిని వసారాలో పడుకోబెట్టి గుడ్డు, పాలు, చేప ఏవీ పెట్టదు. పది కాగానే మా మేనత్త కొడుక్కి ఇచ్చేద్దామని కూడా అంటోంది. ఫోన్లో మామ్మతో గొడవ పెట్టుకున్నాను. ఇప్పుడు ఆవిడ నాతో మాట్లాడటం లేదు. ఏం చెయ్యను?”

అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నేను శ్రీకాకుళం జిల్లాలోనే ఏఎన్‌ఎంగా, అంటే పల్లెల్లో ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సుగా చేరి, హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. 33 ఏళ్ళ ఉద్యోగంలో పదకొండేళ్ళు మీ సోంపేట చుట్టుపక్కల ఉద్దానంలోనే గడిచాయి. కొబ్బరితోటల మధ్య ఇల్లు, ముందు వసారా, ఓ మూల చాప మీద ముడుచుకుని పడుకున్న పిల్ల, ఇవన్నీ నాకు చూసినట్టే ఉన్నాయి. తొందరగా చెయ్యాల్సింది ముందు చెప్తాను. తర్వాత మామ్మ గురించి మాట్లాడదాం. ఆవిడ గురించే ఎక్కువ మాట్లాడాలి. ఆ ఇంట్లోకి ఏ మందు వెళ్ళాలన్నా ఆవిడ చేతి మీదుగానే వెళ్ళాలి.

బళ్ళో రక్తం 8.4 అన్నది హిమోగ్లోబిన్ అంకె. నీ చెల్లి వయసు పిల్లకి అది కనీసం 12 ఉండాలి. 11కీ 12కీ మధ్య ఉంటే కొద్దిగా తక్కువ అంటాం. 8 నుంచి 11 లోపు ఉంటే మధ్యరకం రక్తహీనత. 8 కంటే కిందికి దిగితే తీవ్రమైనది, అప్పుడు పెద్దాసుపత్రికి పంపించాల్సిందే. నీ చెల్లి మధ్యరకంలో అట్టడుగున ఉంది. పైగా వేలు పొడిచి చేసే పరీక్షలో అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది. అసలు అంకె 9 కావచ్చు, 8 లోపు కూడా కావచ్చు. అందుకే ఈ వారమే ఆసుపత్రికి తీసుకెళ్ళి, నరం నుంచి రక్తం తీసి చేసే పరీక్ష చేయించాలి. సీబీసీ అంటారు. మీ ఊరి ఆశా కార్యకర్తకి ఫోన్ చేసి తోడు వెళ్ళమని అడుగు. కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తున్నా, గుండె దడదడలాడుతున్నా, కళ్ళు తిరిగి పడిపోయినా, కాళ్ళు వాచినా వారం కూడా ఆగొద్దు, అదే రోజు 108కి ఫోన్ చెయ్యి.

డాక్టరుగారి దగ్గర మర్చిపోకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒకటి, నులిపురుగుల మాత్ర ఈ మధ్య వేశారా లేదా అన్నది. తోటల్లో చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలకి కొంకిపురుగు అరికాలి చర్మంలోంచే లోపలికి వెళ్తుంది. పేగుకి పట్టుకుని రోజూ రక్తం తాగుతుంది. ఆ పురుగు కడుపులో ఉండగా ఎన్ని మాత్రలు వేసినా చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే. బళ్ళో ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర దీనికే. రెండోది, ఒక నెల మందు సరిగ్గా వాడాక కూడా అంకె కదలకపోతే సికిల్‌సెల్, థలసీమియా పరీక్షలు చేయమనాలి. ఇవి పుట్టుకతో వచ్చే రక్తం లోపాలు. వాటికి ఇనుము మాత్రలు ఊరికే పోస్తూ ఉండటం వైద్యం కాదు. మూడోది క్రియాటినిన్ పరీక్ష, అంటే కిడ్నీలు బాగున్నాయో లేదో చెప్పేది. పిల్లకి కిడ్నీ జబ్బు ఉందని నేను అనుకోవటం లేదు. అది మామ్మ కోసం. ఎందుకో కింద చెప్తాను.

మందు సంగతి. ఈ స్థాయి రక్తహీనతకి ప్రభుత్వ పద్ధతి ప్రకారం రోజుకి రెండు ఐరన్ మాత్రలు, మూడు నెలలపాటు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. బళ్ళో ఇచ్చే నీలం మాత్ర కూడా ఇదే, కాకపోతే అది రక్తం బాగున్న పిల్లలకి తగ్గకుండా ఉండేందుకు వారానికొకటి ఇస్తారు. నీ చెల్లికి వారం మాత్ర ఇప్పుడు సరిపోదు. డాక్టరు చూసి రాసిందే వాడాలి, నా మాట విని నువ్వే మొదలుపెట్టొద్దు. నెలయ్యాక మళ్ళీ పరీక్ష చేస్తే కనీసం ఒక పాయింటు పెరగాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నీ ఉత్తరంలో మామ్మ మాటలున్నాయి, నీ మాటలున్నాయి. చెల్లి మాట ఒక్కటి కూడా లేదు. మాత్ర ఎందుకు పారేస్తున్నావని దాన్ని ఎవరైనా అడిగారా? నేను బడులకి వెళ్ళినప్పుడు కిటికీ కింద, కుళాయి దగ్గర నీలం మాత్రలు ఏరేదాన్ని. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత పిల్లల పక్కన కూర్చుని అడగటం నేర్చుకున్నాను. పొద్దున్న ఇంట్లో టీ తాగి, ఏమీ తినకుండా వచ్చిన పిల్ల పది గంటలకి మాత్ర మింగితే కడుపులో తిప్పుతుంది. ఒక పిల్ల వాంతి చేసుకుంటే చూసిన మిగతా ఇరవైమందీ ఆ మాత్రని జన్మలో ముట్టరు. మర్నాడు విరేచనం నల్లగా అవుతుంది. అది మామూలే, పేగుల్లో మిగిలిన ఇనుము రంగు అది. కానీ ఆ మాట ముందుగా ఎవరూ చెప్పరు. పధ్నాలుగేళ్ళ పిల్ల నల్లటి విరేచనం చూసి లోపల ఏదో కుళ్ళిపోతోందని భయపడుతుంది. ఎవరికి చెప్పుకుంటుంది? అమ్మ చెన్నైలో ఉంది. మాత్ర పారేయటం దానికి తేలికైన దారి.

కనుక రాత్రి మాత్ర అన్నం తిన్న తర్వాత వేసుకోమను, రోజులో రెండోది ఎప్పుడు వెయ్యాలో డాక్టరుని అడుగు. నీళ్ళతోనే మింగాలి. టీతో, పాలతో వద్దు, అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. టీ తాగాలంటే మాత్రకీ దానికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే, ఓ జామకాయో ఉసిరికాయో తింటే ఇనుము బాగా పడుతుంది. మీ ఉద్దానంలో ఎండాకాలం వస్తే జీడిపండ్లు తోటల్లో కుప్పలుగా రాలి కుళ్ళిపోతాయి. గింజ తీసుకుని పండు పారేస్తాం. ఆ పండులో సి విటమిన్ నారింజకాయ కంటే కొన్ని రెట్లు ఎక్కువ. ఉప్పద్దుకుని తింటే ఆ పండు వల్ల వచ్చే గొంతు జీర కూడా తగ్గుతుంది. డబ్బు పెట్టి నారింజలు కొనే పని లేదు.

చెల్లిని ఇంకో మాట కూడా అడుగు, మెల్లగా, నవ్వకుండా. పచ్చి బియ్యం నములుతోందా? మట్టి, సుద్దముక్క, పలకపుల్ల తినాలనిపిస్తోందా? బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందని మన ఇళ్ళల్లో అంటారు. అది విని పిల్లలు సిగ్గుపడి దాచుకుని తింటారు. చాలాసార్లు అది ఒంట్లో ఇనుము తగ్గిందని చెప్పే గుర్తు. రక్తం పెరిగితే ఆ తినే కోరిక దానంతట అదే పోతుంది. తిట్టి మాన్పించేది కాదు.

నెలసరి గురించి కూడా నువ్వే అడగాలి, అక్కవి కాబట్టి. ఎన్ని రోజులు అవుతోంది, రోజుకి ఎన్ని నాప్కిన్లు మారుస్తోంది. ఏడు రోజులు దాటి అవుతున్నా, గంట రెండు గంటలకొకటి తడిసిపోతున్నా అది డాక్టరుకి చెప్పాల్సిన విషయం, రక్తం తగ్గటానికి అదే కారణం కావచ్చు. రుతుస్రావం మొదలైన తొలి రెండేళ్ళు నెలలు అటూ ఇటూ అవటం మామూలే, దానికి కంగారు అక్కర్లేదు. గుడ్డ వాడుతుంటే తప్పు లేదు, కానీ సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. ఎవరైనా చూస్తారని మంచం కిందో పెంకుల్లోనో దాచి ఆరేస్తే జబ్బులు వస్తాయి. ఎండలో ఆరేసిన గుడ్డని చూసి ఎవరేమనుకుంటారన్న భయం వల్ల పల్లెల్లో ఎంతమంది పిల్లలు దురదలతో, మంటతో బాధపడ్డారో నేను లెక్క చెప్పలేను.

ఇక మామ్మ.

ఆవిడ చెప్పిన మూడు మాటల్నీ నువ్వు మూఢనమ్మకం కింద కొట్టిపారేశావు. గొడవ అక్కడే మొదలయ్యుంటుంది. ఒక్కో మాటా ఎక్కడి నుంచి వచ్చిందో చూడు.

కిడ్నీలు పోతాయన్న మాట. ఉద్దానంలో కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలంలో ఏ ఊరికి వెళ్ళినా కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ళ ఫొటోకి దండ వేసిన ఇల్లు కనపడుతుంది. ఎందరో వచ్చి నీళ్ళు, మట్టి, తిండి అన్నీ పరీక్షించారు. ఇదీ కారణం అని ఇంతవరకు గట్టిగా తేలలేదు. మీ తాతగారు ఎలా పోయారో ఒక్కసారి గుర్తు తెచ్చుకో. మొదట ఒళ్ళునొప్పులకి మాత్రలు. తర్వాత బీపీ మాత్రలు. తర్వాత దోసెడు మాత్రలు, డయాలసిస్‌కి తిరగటం. మామ్మ కళ్ళతో చూసింది ఏమిటి? మాత్రలు పెరిగేకొద్దీ మనిషి తగ్గిపోవటం. చదువుకోని ఆవిడ ఆ చూసినదాన్ని బట్టి ఒక లెక్క కట్టుకుంది. ఆ లెక్కలో సగం నిజం కూడా ఉంది. తోటపని చేసి వచ్చి కొట్లో కొని రోజూ వేసుకునే నొప్పి మాత్రలు నిజంగానే కిడ్నీల్ని దెబ్బతీస్తాయి. ఇనుము మాత్ర ఆ జాతిది కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకే రక్తం పెరగటానికి డాక్టర్లు ఇనుము ఇస్తారు. నువ్వు మామ్మతో, “నువ్వన్నది నిజమే మామ్మా, తాతకి నొప్పి మాత్రలు హాని చేసి ఉండొచ్చు, ఇది ఆ మాత్ర కాదు” అని మొదలుపెట్టు. క్రియాటినిన్ పరీక్ష అడిగింది ఇందుకే. ఆ కాగితం చేతికిచ్చి, “చూడు, దీని కిడ్నీలు బాగున్నాయి, మూడు నెలల తర్వాత మళ్ళీ చేయిస్తాం” అంటే నీ వంద మాటల కంటే ఆ కాగితం ఎక్కువ పనిచేస్తుంది. ఆ ఇంట్లో పరీక్ష కాగితాల విలువ ఆవిడకి తెలుసు. ఆయనవి ఏళ్ళ తరబడి సంచిలో పెట్టి దాచి ఉంటుంది.

పిల్లలు పుట్టరన్న మాట. దీనికి మాలాంటివాళ్ళమే కొంత బాధ్యులం. ఊళ్ళో ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆపరేషన్‌కి రమ్మని ఇంటింటికీ తిరిగింది ఏఎన్‌ఎం. అదే ఏఎన్‌ఎం సంచిలోంచి మాత్రల పొట్లం తీసి ఆడపిల్లకి ఇస్తే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? నన్నే మొహం మీద అడిగిన ముసలమ్మలున్నారు. నేను వాళ్ళకి చెప్పిన జవాబే నీకూ చెప్తున్నాను. గర్భిణులకి ఆసుపత్రిలో ఇచ్చే ఎర్ర మాత్ర, బళ్ళో ఇచ్చే నీలం మాత్ర లోపల ఒకటే. అదే 60 మిల్లీగ్రాముల ఇనుము, అదే ఫోలిక్ యాసిడ్. రంగు ఒక్కటే తేడా. “మీ ఊళ్ళో కడుపుతో ఉన్న కోడళ్ళందరూ వేసుకుంటున్నదే కదమ్మా, వాళ్ళకి పిల్లలు పుట్టటం లేదా?” అని అడిగేదాన్ని. ఆ మాట విని లోపలికి వెళ్ళి కోడలి పొట్లం తెచ్చి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నవాళ్ళు ఉన్నారు.

వేడి చేస్తుందన్న మాటతో అసలు వాదించకు. ఇనుము మాత్రకి కొందరికి మలబద్ధకం వస్తుంది, కడుపులో మంటగా ఉంటుంది, నోరు చేదవుతుంది. మన పెద్దవాళ్ళు దానికి పెట్టిన పేరు వేడి. పేరు ఏదైనా బాధ నిజమే. “వేడి చెయ్యకుండా ఏం పెట్టమంటావు మామ్మా?” అని ఆవిడనే అడుగు. మజ్జిగ అంటుంది, సబ్జా గింజలు అంటుంది, కొబ్బరినీళ్ళు అంటుంది. మధ్యాహ్నం మజ్జిగ పోసి, రాత్రి మాత్ర వేస్తే రెండూ గొడవపడవు. మాత్రల పొట్లం ఆవిడ దగ్గరే ఉంచు. ఆవిడే లెక్కపెట్టి రోజూ రాత్రి ఇవ్వాలి. నా అనుభవంలో పొట్లం పిల్ల బడిసంచిలో ఉన్న ఇళ్ళకీ, పెద్దావిడ కొంగుముడిలో ఉన్న ఇళ్ళకీ చాలా తేడా కనపడింది.

ఈ తెలివి నాకు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి మామ్మతోనే నలుగురి ముందు గట్టిగా మాట్లాడాను. మీ మూర్ఖత్వం వల్ల పిల్ల చచ్చిపోతుంది అన్నాను. ఆవిడ మొహం మాడిపోయింది, తలుపు వేసుకుంది. ఆ తర్వాత ఆ పిల్లని నాకు కనపడనివ్వలేదు. పదహారో ఏట పెళ్ళి చేసేశారు. మళ్ళీ నేను చూసింది నొప్పులతో తీసుకొచ్చిన రోజున. కనురెప్ప కింద లాగి చూస్తే సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి రక్తం ఎక్కించారు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఆ మామ్మ ఆసుపత్రి గోడకి ఆనుకుని కూర్చుని ఏడుస్తుంటే ఆవిడ కంటే ఎక్కువ తప్పు నాదే అనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. ఆవిడకి తెలియక చేసింది. నాకు తెలిసి కూడా ఆ తలుపు నేనే మూయించాను.

వసారా విషయం కొంచెం లోతుగా చెప్పనివ్వు. నీ చెల్లి పెద్దమనిషి అయినప్పుడు మామ్మ ఏం పెట్టిందో గుర్తుందా? నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి చేసి పెట్టి ఉంటుంది. గారెలు, మినపసున్ని, నెయ్యి. పిల్ల నడుము గట్టిపడాలి, రక్తం పట్టాలి అని మన ఆడవాళ్ళు తరతరాలుగా చేస్తున్న పని అది. ఆ బుద్ధి ఎంత మంచిది! నువ్వుల్లో ఇనుము ఉంది, ఎముకలకి కావాల్సిన సున్నం, అంటే కాల్షియం ఉంది. పది నుంచి పంతొమ్మిదేళ్ళ మధ్య పిల్లల ఎముకలు పెరిగినంతగా మళ్ళీ జన్మలో పెరగవు. పెద్దయ్యాక ఉండే ఎముక బలంలో దాదాపు సగం ఈ ఏళ్ళలోనే కూడుతుంది. మొదటిసారి అంత పెట్టిన చెయ్యి, తర్వాత ప్రతి నెలా అదే రక్తం పోతున్న ఐదు రోజుల్లో గుడ్డు తీసేస్తుంది, చేప తీసేస్తుంది. ఇనుము ఒంట్లోంచి పోయే రోజుల్లోనే ఇనుము లోపలికి వెళ్ళకుండా ఆపుతున్నాం.

ముట్టులో గుడ్డు, పాలు, చేప తినకూడదనటానికి వైద్యంలో ఏ ఆధారమూ లేదు. కానీ మైల అన్న నమ్మకాన్ని నువ్వు ఒక్క ఫోన్‌తో తీసెయ్యలేవు, దాని జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు కూడా. వసారాలో పడుకోబెడితే పడుకోనీ, దోమతెర కట్టించు, రాత్రి లైటు ఉండేలా చూడు, తలుపు గడియ లోపల నుంచి వేసుకునే చోటా కాదా కనుక్కో. ఒంటరి పిల్ల బయట పడుకుంటే నాకు రక్తం కంటే ముందు ఆ భయమే వస్తుంది. తిండి ఒక్కటి గట్టిగా పట్టుకో. “సమర్త నాడు పెట్టిన చిమ్మిలి ప్రతి నెలా ఆ ఐదు రోజులూ పెట్టు మామ్మా” అని అడుగు. దానికి ఆవిడ కాదనదు, అది ఆవిడ సొంత విద్య. చిమ్మిలితో మొదలైతే మునగాకు పప్పులోకి వస్తుంది, ఉలవచారు వస్తుంది, చోడి (రాగి) అంబలి వస్తుంది. గుడ్డు మెల్లగా తర్వాత వస్తుంది. మాంసం తినే ఇల్లే కదా మీది. నెత్తళ్ళు, ఎండుచేపలు, నెలకి రెండుసార్లు మేక కార్జం తింటే వాటిలోని ఇనుము ఆకుకూరల్లోని ఇనుము కంటే బాగా ఒంటికి పడుతుంది. తిండి ఒక్కదానితోనే 8.4 నుంచి 12కి ఎక్కటం మాత్రం కష్టం. మాత్ర కావాల్సిందే. తిండి ఎక్కినదాన్ని దిగకుండా పట్టుకుంటుంది.

ఇంట్లో ఎవరు ముందు తింటారో కూడా కనుక్కో. మన పల్లెల్లో కూర గిన్నె అడుగున మిగిలింది ఆడపిల్లకి. దాన్ని ఎవరూ దుర్మార్గంతో చెయ్యరు, అలవాటు. మామ్మ తను కూడా చివర్నే తింటుంది, పిల్లకీ అదే నేర్పింది.

నీ చెల్లి ఒక్కతే ఇలా ఉందనుకోవద్దు. 2019–21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 60.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. తరగతిలో పదిమంది ఆడపిల్లలుంటే ఆరుగురు అన్నమాట. అందరూ నీరసంగా ఉంటే నీరసం జబ్బులా కనపడదు. “ఈ వయసు పిల్లలు ఇంతే, బద్ధకం” అంటారు ఇంట్లో. “చదువు మీద శ్రద్ధ లేదు” అంటారు బళ్ళో. ఇనుము తగ్గితే ఒళ్ళే కాదు, బుర్ర కూడా అలసిపోతుంది, చదివింది నిలవదు. చెల్లి మార్కులు ఈ ఏడాది తగ్గాయా? తగ్గి ఉంటే దాన్ని తిట్టకండి. క్లాస్ టీచరుకి నువ్వే ఫోన్ చేసి 8.4 సంగతి చెప్పు. మంచి టీచరైతే బళ్ళో ఇచ్చే మాత్రని మధ్యాహ్నం భోజనం అయ్యాక, తన కళ్ళ ముందు మింగిస్తుంది. తన మాత్ర కూడా పిల్లలతో కలిసి మింగే టీచరమ్మని ఒకావిడని చూశాను. ఆ బళ్ళో కిటికీ కింద నాకు ఒక్క మాత్రా దొరకలేదు.

పెళ్ళి మాటకి వస్తాను. ఇక్కడ నేను మెత్తగా చెప్పను. ఆడపిల్లకి 18, మగపిల్లాడికి 21 నిండకుండా పెళ్ళి చెయ్యటం 2006 చట్టం ప్రకారం నేరం. చేసినవాళ్ళకి, దగ్గరుండి జరిపించినవాళ్ళకి రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ముహూర్తం దాకా వస్తే పిల్లల సాయం కోసం ఉన్న 1098 నంబరుకి ఫోన్ చెయ్యి, నీ పేరు బయటపెట్టరు. అదే సర్వేలో మన రాష్ట్రంలో 15–19 ఏళ్ళ వాళ్ళలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా గర్భంతో ఉన్నవాళ్ళు. దేశం మొత్తం మీద అది 6.8 శాతం. రక్తం 8 ఉన్న పదహారేళ్ళ పిల్ల గర్భం దాలిస్తే ఏమవుతుందో పైన చెప్పాను, మళ్ళీ చెప్పలేను. దగ్గరి మేనరికం కాబట్టి పుట్టుకతో వచ్చే రక్తం జబ్బులు బిడ్డకి దిగే ప్రమాదం కూడా ఎక్కువ.

అయినా మామ్మ ఎందుకు తొందరపడుతోందో ఆలోచించు. ఆవిడకి వయసైపోతోంది. భర్త పోయాడు. కొడుకూ కోడలూ ఊళ్ళో లేరు. ఎదిగిన ఆడపిల్లని ఒంటరిగా కాపలా కాస్తోంది. రేపు తనకేమైనా అయితే ఈ పిల్ల ఎవరి పాలవుతుందన్న దిగులుతో ఆవిడకి నిద్ర పట్టదు. మేనత్త కొడుకైతే కన్నకూతురి ఇల్లు, తెలిసిన చోటు. ఆవిడ వెతుకుతున్నది పిల్లకి భద్రమైన చోటు, పెళ్ళి ఒక్కటే ఆవిడకి తెలిసిన దారి. ఇంకో దారి చూపించే బాధ్యత మీ అమ్మానాన్నలది, నీది. నాన్న చేత ఫోన్ చేయించు. “అమ్మా, పిల్ల బాధ్యత నాది, 18 దాటేదాకా పెళ్ళి మాట ఎత్తను” అని ఆయన నోటితో అనాలి. నువ్వంటే చాలదు. పది తర్వాత ఎక్కడ చదువుతుందో ఇప్పుడే తేల్చండి. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో చాలాచోట్ల ఇంటర్ ఉంది, హాస్టల్, తిండి ఉచితం. సీటు చేతిలో ఉన్న పిల్లకి పెళ్ళి చేసెయ్యటం అంత తేలిక కాదు. నేను చూసినంతలో పెళ్ళి మాటలు మొదలయ్యేది మే నెలలో, పది పరీక్షలు రాసి పిల్ల ఇంట్లో ఖాళీగా కూర్చున్నప్పుడు.

ఆ మేనత్త కొడుకుతో ఎవరైనా మాట్లాడారా? వాడి వయసెంత? వాడికి ఈ పెళ్ళి కావాలా? మగపిల్లల్ని ఈ విషయాలు ఎవరూ అడగరు. నువ్వు వదిన వరసవు కదా, ఒకసారి ఫోన్ చేసి అడుగు. “నాకిప్పుడే వద్దు” అని వాడి నోటి నుంచి వస్తే సగం పని అయిపోతుంది.

చెల్లి ఒంటరితనం గురించి ఒక మాట. ఆరేళ్ళ క్రితం అమ్మ వెళ్ళేసరికి దానికి ఎనిమిదేళ్ళు. ఎప్పుడూ నిద్ర అన్నావు. రక్తం తక్కువ వల్ల కావచ్చు, దిగులు వల్ల కూడా కావచ్చు. తినటం మానేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, ఏడుస్తున్నా, బతకాలని లేదన్న మాట ఎలా అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. 14416 అని మనసు బాధలకి సాయం చేసే ప్రభుత్వ టెలీమానస్ నంబరు ఉంది, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. అమ్మని వారానికోసారి వీడియో కాల్ చేసి దాంతో చదువు గురించి కాకుండా మామూలు కబుర్లు చెప్పమను. ఈ పిల్లలకి ఎప్పుడు ఫోన్ వచ్చినా “బాగా చదువుతున్నావా” అన్న మాటే వినపడుతుంది.

మొదట చెయ్యాల్సింది చెప్పి ఆపుతాను. ఈ ఆదివారం మామ్మకి ఫోన్ చెయ్యి. ఎత్తకపోతే పక్కింటివాళ్ళ ఫోన్‌కి చేసి ఇమ్మను. మాత్రల మాట, పెళ్ళి మాట ఎత్తకు. మోకాళ్ళు ఎలా ఉన్నాయో అడుగు, ఆరోజు గట్టిగా మాట్లాడినందుకు తప్పయిందని చెప్పు. చిమ్మిలి ఎలా చెయ్యాలో అడుగు, నువ్వులు వేయించాలా పచ్చివే దంచాలా, బెల్లం ఎంత. ఆవిడ చెప్పటం మొదలుపెడితే నువ్వు మధ్యలో మాట్లాడకు. చివర్లో మాత్రం, “మామ్మా, మంగళవారం ఆశా అక్క వస్తుంది, చెల్లితో నువ్వూ ఆసుపత్రికి వెళ్ళు, నీ బీపీ కూడా చూపించుకో” అని చెప్పు. పరీక్షకి ఆవిడే తీసుకెళ్ళాలి, డాక్టరు మాట ఆవిడే చెవులారా వినాలి.

ఇంట్లో గోడకి క్యాలెండరు ఉంటుంది. తేదీ పక్కన 8.4 అని మామ్మ చూస్తుండగా చెల్లి చేత రాయించు. నెల తర్వాత వచ్చిన అంకె దాని కింద రాయించి, నాకూ రాయి. 9 దాటిందో లేదో చూసి తర్వాత ఏం చెయ్యాలో చెప్తాను.